గత్తర రాకముందే మంచాలు లెక్కవెట్టిన డాక్టర్

కరోనా అప్పుడు రైలు డబ్బాలను దవాఖాన వార్డుల లెక్క మార్చింది యాదుందా? 2020ల మన రైల్వేశాఖ ఐదు వేలకు పైగా డబ్బాలను గట్ల తయారువెట్టింది. మనకది కొత్త ముచ్చట అనిపించింది. గని అంతకు నూరేండ్ల కింద్నే రైలు డబ్బాలల్ల మందిని పెట్టి గత్తరను ఆపిన డాక్టర్ ఒకాయన ఉండె. పేరు వూ లియెన్ తే.

ఆయన 1879ల పెనాంగ్‌ల పుట్టిండు. గిప్పుడది మలేషియాల ఉన్నది. అప్పట్ల ఇంగ్లీషోళ్ల రాజ్యం. నాయిన బంగారం పనిజేసేటాయన. పోరడు సదువుల మస్తు చురుకు. స్కాలర్‌షిప్ గెలుచుకొని 1896ల కేంబ్రిడ్జికి పోయిండు. ఆడ డాక్టర్ సదువు సదివిన మొదటి చైనా జాతి విద్యార్థి ఆయనే. తర్వాత చైనాకు వచ్చి తియాన్‌జిన్‌ల సైన్యం వైద్య కాలేజీల కొలువుజేసిండు.

1910 చలికాలం. చైనాకు ఉత్తరాన మంచూరియాల, హార్బిన్ పట్నంల మంది దగ్గుకుంట, నెత్తురు కక్కుకుంట రెండు మూడు దినాలల్లనే సచ్చిపోవుడు షురువైంది. తోళ్ల కోసం ఒక రకం అడవి జంతువులను ఏటాడినోళ్లకు ముందుగాల అంటి, బతుకుదెరువు కూలీలతోని రైలెక్కి ఊరూరికి పాకింది. సర్కార్ వూను తోలింది. డిసెంబర్ 24 నాడు ఆడ దిగేసరికి ఆయనకు 31 ఏండ్లు.

ఒక పీనుగను కోసి చూసి ఇది ప్లేగే అని తేల్చిండు. ఎలుకల నుంచి కాకుంట మనిషి దగ్గు నుంచే ఇంకో మనిషికి పారుతున్నదని జెప్పిండు. అందరు మూతికి దూది పెట్టిన గుడ్డ కట్టుకోవాలన్నడు. మెనీ అనే ఫ్రెంచి పెద్ద డాక్టర్ ఈ మాట నమ్మలే. గుడ్డ లేకుంటనే రోగుల కాడికి పోయిండు. కొన్ని దినాలకే ప్లేగు అంటి పానం ఇడిసిండు. గప్పటిసంది పట్నం మొత్తం మూతికి గుడ్డ కట్టింది.

అసలు చిక్కు జాగ కాడ వచ్చింది. ఈ ప్లేగు అంటినోడు బతుకుడు దాదాపు లేదు. ఇంట్ల ఒకలకు వస్తే మిగిలినోళ్లను ఏడ పెట్టాలె? దవాఖానల పెడితే రోగం లేనోళ్లకు గుడ అంటుతది. ఇండ్లల్ల ఇడిస్తే వాడకట్టంతా పాకుతది. కొత్త బిల్డింగులు కట్టేదాంక రోగం ఆగది. గందుకే రోగులకొక జాగ, వాళ్లతోని మెలిగినోళ్లకు ఇంకో జాగ అని పంచిండు. రష్యా రైల్వేను అడిగి 120 గూడ్సు డబ్బాలు తీసుకున్నడు. మెలిగినోళ్లను అండ్ల పెట్టి దినాం జరం చూసిండ్రు. జరం వస్తే దవాఖానకు, గడువు దాంక రాకుంటే ఇంటికి. రోగం జోరుగున్న పేటను నాలుగు భాగాలు జేసి, భాగానికో డాక్టర్‌ను పెట్టి ఇల్లిల్లు తిరిగిచ్చిండు.

నేల మంచుతోని గడ్డకట్టి బొందలు తవ్వరాలే. రెండు వేలకు పైగా పీనుగులు బయటనే పడి ఉన్నయి. చైనోళ్లకు పీనుగను కాలవెట్టుడంటే మహా పాపం. చక్రవర్తి దర్బార్ కాడ్నుంచి హుకుం తెప్పిచ్చి 1911 జనవరి 31 నాడు అన్నిటిని దహనం జేపిచ్చిండు. మార్చి మొదలుకు హార్బిన్‌ల రోగం బందైంది. గని అప్పటికే మంచూరియాల దాదాపు 60 వేల మంది సచ్చిండ్రు.

రోగం పోయినంక గుడ వూ ఊకోలే. 1912ల మంచూరియా ప్లేగు నివారణ సంస్థ మొదలువెట్టి, రైలు తొవ్వల మీద, సరిహద్దుల కాడ దవాఖానలు కట్టిపిచ్చిండు. పైసలు కస్టమ్స్ ఆమ్దానీల నుంచి వచ్చేటియి. గత్తర లేనప్పుడు అండ్లనే మామూలు రోగాలకు మందులిచ్చేటోళ్లు. గట్ల మంచాలు, సిబ్బంది, అలవాటు అన్ని తయారుగనే ఉన్నయి. 1920ల ప్లేగు మల్లొచ్చింది. ఈసారి సచ్చినోళ్లు తొమ్మిది వేల చిల్లర. అదీ తక్కువేం గాదు. గని 60 వేలతోని పోల్చి చూడుండ్రి.

1931ల జపాన్ మంచూరియాను ఆక్రమించింది. కొన్నేండ్లకు ఆయన చైనాను ఇడిసి మలయాకు మర్లి, ఇపో పట్నంల మామూలు డాక్టర్ లెక్క మందులిచ్చుకుంట బతికిండు. 1960ల పెనాంగ్‌లనే కాలంజేసిండు.

తమ్మీ, చెల్లె, కరోనా పోయి ఏండ్లైంది. మన మండలంల ప్రైమరీ హెల్త్ సెంటర్‌ల మంచాలెన్ని? ఆక్సిజన్ ఉన్నదా? రాత్రిపూట నర్సు ఉంటదా? రేపు గత్తరొస్తే మెలిగినోళ్లను ఏడ పెడ్తరు, బడిలనా, హాస్టల్‌లనా? ఈ లెక్క తీసుడు పెద్ద సదువేం గాదు. కాయితం మీద రాసుకొని గ్రామసభల అడిగితే సాలు. వూకు హార్బిన్‌ల దిగినంక జాగ ఎతుక్కోవాల్సి వచ్చింది. మనకింకా టైం ఉన్నది.