ఎమ్మీ నోతర్

అమేలీ ఎమ్మీ నోతర్ (మార్చి 23, 1882 - ఏప్రిల్ 14, 1935) జర్మనీ దేశమునకు చెందిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త. ఆధునిక బీజగణితమునకు రూపకల్పన చేసినవారిలో అగ్రగణ్యురాలు. భౌతిక శాస్త్రములోని నోతర్ సిద్ధాంతము ఈమె పేరుతోనే ప్రసిద్ధి చెందినది. ఇంతటి విదుషికి డాక్టరేటు వచ్చిన తరువాత 15 సంవత్సరములకు పైగా జీతము లేదు. స్త్రీలకు విశ్వవిద్యాలయములలో గణిత పరిశోధన చేయు అవకాశము ఎట్లు లభించినదో తెలుసుకొనుటకు ఈమె జీవితము ఒక ముఖ్యమైన ఆధారము. ఈమె ఇంటిపేరును నోథర్ అని కూడ వ్రాస్తారు గాని, జర్మన్ ఉచ్చారణలో థకారము లేదు.

బాల్యము, విద్యాభ్యాసము

ఎమ్మీ బవేరియా రాష్ట్రములోని ఎర్లాంగెన్ పట్టణమున ఒక యూదు కుటుంబములో జన్మించినది. తండ్రి మాక్స్ నోతర్ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయములో గణితాచార్యుడు. తల్లి ఇడా అమాలియా కొలోన్ నగరపు సంపన్న వర్తక కుటుంబములో పుట్టినది. నలుగురు సంతానములో ఎమ్మీయే పెద్దది, తక్కిన ముగ్గురూ తమ్ముళ్ళు. వారిలో ఫ్రిట్జ్ కూడ గణిత శాస్త్రవేత్త అయినాడు.

ఆ కాలపు ఆడపిల్లల వలెనే ఈమె కూడ భాషలు నేర్చి, 1900లో ఫ్రెంచి, ఆంగ్లము బోధించు ఉపాధ్యాయినుల పరీక్షలో ఉత్తీర్ణురాలయినది. బాలికల పాఠశాలలో ఉద్యోగము చేసుకొనుటకు ఆ అర్హత చాలును. కాని ఈమె ఆ దారి విడిచి విశ్వవిద్యాలయములో గణితము వినుటకు వెళ్ళినది. అంతకు 2 సంవత్సరములకు పూర్వమే, స్త్రీలను చేర్చుకొన్నచో విద్యావ్యవస్థ అంతయు తలక్రిందులగునని ఎర్లాంగెన్ సెనేటు తీర్మానించి ఉన్నది. అందువలన ఈమెను విద్యార్థినిగా నమోదు చేసుకొనలేదు. ఆచార్యులను ఒక్కొక్కరిని అడిగి, వారు ఒప్పుకొన్న తరగతులలో మాత్రమే కూర్చొనవలసి వచ్చినది. అప్పుడు అక్కడున్న 986 మంది విద్యార్థులలో స్త్రీలు ఇద్దరే.

1903లో న్యూరెంబర్గులో ప్రవేశార్హత పరీక్ష నెగ్గి, ఒక శీతకాలపు సెమిస్టరు గోటింగెన్ విశ్వవిద్యాలయములో హిల్బర్ట్, క్లైన్, మింకోవ్‌స్కీ మొదలగు వారి ఉపన్యాసములు విన్నది. ఇంతలో బవేరియాలో స్త్రీలకు ప్రవేశము లభించినందున, 1904లో ఎర్లాంగెనుకు తిరిగి వచ్చి విద్యార్థినిగా నమోదయినది. పాల్ గోర్డాన్ పర్యవేక్షణలో నిశ్చరములపై పరిశోధించి 1907లో డాక్టరేటు పొందినది. ఆ సిద్ధాంత వ్యాసములో 300కు పైగా నిశ్చరములను లెక్కకట్టి చూపినది. తరువాతి కాలములో ఈమెకు ఆ వ్యాసముపై ఏ మాత్రము గౌరవము లేకుండెను. సూత్రములు పోగుచేయు ఆ పద్ధతిని పూర్తిగా విడిచి, భావనల మూలమున గణితమును నడిపించుటయే ఈమె కీర్తికి కారణమయినది.

జీతము లేని కాలము

1908 నుండి 1915 వరకు ఎర్లాంగెనులో జీతము లేకయే పనిచేసినది. తండ్రి ఆరోగ్యము బాగులేనప్పుడు ఆయన పాఠములు కూడ ఈమెయే చెప్పెడిది. 1915లో హిల్బర్ట్, క్లైన్ ఈమెను గోటింగెనుకు పిలిపించారు. ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతములో శక్తి నిత్యత్వమునకు సంబంధించిన చిక్కు ఒకటి వారిని బాధించుచుండెను. నిశ్చరముల విషయములో ఈమె కంటె తెలిసినవారు వారికి కనబడలేదు.

పిలిచినవారు గొప్పవారే, కాని అదే విభాగములోని భాషా శాస్త్ర, చరిత్ర ఆచార్యులు అడ్డు తగిలారు. యుద్ధమునుండి తిరిగివచ్చు సైనికులు ఒక స్త్రీ వద్ద కూర్చొని పాఠము వినవలెనా అన్నది వారి అభ్యంతరము. అందువలన కొన్ని సంవత్సరములు ఈమె ఉపన్యాసములు హిల్బర్ట్ పేరుతో ప్రకటింపబడెడివి, చెప్పునది మాత్రము ఈమె.

1918 జూలై 26న ఈమె సుప్రసిద్ధ వ్యాసమును గోటింగెన్ రాజశాస్త్ర సంఘమునకు క్లైన్ సమర్పించాడు. ఈమె ఆ సంఘములో సభ్యురాలు కాదు. ఒక భౌతిక వ్యవస్థకు ఉన్న ప్రతి నిరంతర సౌష్ఠవమునకు ఒక నిత్యత్వ నియమము ఉండునని ఇందు నిరూపించినది. నియమములు నేడైనను రేపైనను మారవనుటనుండి శక్తి నిత్యత్వము, ఇక్కడైనను అక్కడైనను మారవనుటనుండి ద్రవ్యవేగ నిత్యత్వము ఫలించును. నేటి కణ భౌతిక శాస్త్రము అడుగడుగున దీనిపై ఆధారపడుచున్నది.

యుద్ధానంతరము జర్మనీలో రిపబ్లిక్ ఏర్పడిన పిదప, 1919లో సొంత పేరుతో బోధించు హక్కు లభించినది. 1922లో ఆచార్య బిరుదు ఇచ్చారు, జీతము ఇవ్వలేదు. 1923లో బీజగణిత బోధనకై మొదటిసారిగా కొద్దిపాటి వేతనము ఏర్పాటయినది. అప్పటికి ఈమె వయస్సు 41 సంవత్సరములు.

గోటింగెన్ శిష్యులు, వేసవి సహచరులు

1921లో ప్రచురించిన వ్యాసములో వలయములలోని ఐడియళ్ళకు ఆరోహణ శృంఖల నియమమును పునాదిగా తీసుకొన్నది. ఆ నియమము పాటించు వలయములనే నోథేరియన్ వలయములు అందురు. మన విశ్వవిద్యాలయములలో ఎమ్మెస్సీ గణితము చదివినవారికి ఈ పేరు సుపరిచితమే. వాన్ డెర్ వార్డెన్ 1930-31లో ప్రచురించిన ఆధునిక బీజగణిత గ్రంథమునకు ఈమె ఉపన్యాసములు, ఎమిల్ ఆర్టిన్ ఉపన్యాసములు ఆధారములు.

ఈమె చుట్టూ చేరిన యువకులకు నోతర్ కుర్రవాళ్ళు అని పేరు వచ్చినది. అయితే గోటింగెనులో ఈమె వద్ద మొదట డాక్టరేటు పొందినది ఒక స్త్రీ అన్న సంగతి మరువరాదు. ఆమె పేరు గ్రేటె హెర్మన్, సంవత్సరము 1925.

1923 నుండి రష్యా గణిత శాస్త్రవేత్త అలెక్సాంద్రోవ్ వేసవి కాలమున గోటింగెనుకు వచ్చుచుండెడివాడు. లైనా నదిలో పురుషులకు మాత్రమే ఉద్దేశించిన ఈతరేవున మినహాయింపు పొందిన ఇద్దరు స్త్రీలలో ఎమ్మీ ఒకరు. ఒడ్డున కూర్చొని, దారిన నడచుచు గంటల కొలది గణితము మాట్లాడుకొనెడివారు. టోపాలజీలో సంఖ్యలకు బదులుగా సమూహములను చూడవలెనని ఈమె అలెక్సాంద్రోవుకు, హోఫ్‌కు సూచించినది. తరువాత ఆ శాస్త్రము నడచిన దారి అదే. 1928-29 శీతకాలములో ఈమె మాస్కో విశ్వవిద్యాలయమునకు వెళ్ళి బోధించినది.

1932లో ఆర్టిన్‌తో కలిసి అకర్మన్-టొయిబ్నర్ బహుమతి పొందినది. అదే సంవత్సరము జూరిక్ అంతర్జాతీయ గణిత మహాసభలో ప్లీనరీ ఉపన్యాసము ఇచ్చినది. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఈమెయే.

బహిష్కరణ, అమెరికా ప్రయాణము

1933 ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము యూదులను ఉద్యోగములనుండి తొలగించారు. ఎమ్మీ కొంతకాలము తన ఇంటిలోనే విద్యార్థులకు పాఠములు చెప్పినది. ఆ సంవత్సరము చివర రాక్‌ఫెల్లర్ సంస్థ సహాయముతో అమెరికాలోని బ్రిన్ మార్ కళాశాలకు వెళ్ళినది. ఇది స్త్రీల కళాశాల, డాక్టరేటు వరకు చదువు చెప్పెడిది. అక్కడ గణిత విభాగమునకు అధ్యక్షురాలయిన ఆనా పెల్ వీలర్ పూర్వము గోటింగెనులో చదివినది. ఇద్దరికీ స్నేహము కుదిరినది.

1934-35 విద్యాసంవత్సరమున ఓల్గా టౌస్కీ, మేరీ వైస్, గ్రేస్ షోవర్, రూత్ స్టౌఫర్ అను నలుగురు యువతులు ఈమె వద్ద చేరారు. వీరితో కలిసి వాన్ డెర్ వార్డెన్ గ్రంథమును చదివినది. జర్మనీలో వలెనే ఇక్కడను నడకలోనే పాఠము సాగెడిది. మాటలలో మునిగి వాహనములను గమనింపక వీధి దాటుచుంటే శిష్యురాండ్రు కంగారుపడెడివారు. వారమునకొకసారి ప్రిన్‌స్టన్ వెళ్ళి అక్కడి ఉన్నత విద్యాసంస్థలో ఉపన్యసించెడిది.

1934 వేసవిలో జర్మనీకి వెళ్ళి ఆర్టిన్‌ను, తమ్ముడు ఫ్రిట్జ్‌ను కలిసికొన్నది. తాను ఎన్నో ఏండ్లు పనిచేసిన గోటింగెను గ్రంథాలయమును వాడుకొనుటకు విదేశీ విద్వాంసురాలిగా అనుమతి పొందవలసి వచ్చినది. ఫ్రిట్జ్ అటుపిమ్మట సోవియట్ యూనియనులోని తోమ్‌స్క్‌కు వలసపోయినాడు, 1941లో అక్కడి ప్రభుత్వము అతనిని కాల్చి చంపినది. తోబుట్టువులు మరల కలిసికొనలేదు.

మరణము, స్మారకములు

1935 ఏప్రిల్‌లో కణితికి శస్త్రచికిత్స జరిగినది. మొదట కోలుకొన్నట్లే కనిపించి, నాలుగవ రోజున హఠాత్తుగా జ్వరము హెచ్చి, ఏప్రిల్ 14న మరణించినది. వయస్సు 53 సంవత్సరములు. చితాభస్మమును బ్రిన్ మార్ గ్రంథాలయపు వరండా క్రింద ఉంచారు. హెర్మన్ వైల్ స్మారకోపన్యాసము చేయగా, ఐన్‌స్టీన్ న్యూయార్క్ టైమ్స్ పత్రికకు నివాళి లేఖ వ్రాశాడు. అప్పటికి పరిశోధన ముగింపునకు వచ్చిన రూత్ స్టౌఫర్ అదే సంవత్సరము డాక్టరేటు పొందినది.

మహిళా గణిత శాస్త్రజ్ఞుల సంఘము 1980లో ఈమె పేర వార్షికోపన్యాసము ప్రారంభించినది. జర్మన్ పరిశోధనా సంస్థ యువ పరిశోధకులకు ఇచ్చు సహాయ పథకమునకును ఈమె పేరే ఉన్నది. ఈమె పేరు లేకున్నను పేర్కొనదగినది ఒకటి కలదు: గణితములో పరిశోధనకు సిద్ధమగు విద్యార్థినులకై ఎడ్జ్ అను వేసవి కార్యక్రమమును సిల్వియా బోజ్‌మన్, రోండా హ్యూస్ 1998లో స్థాపించారు. మొదటి వేసవి శిక్షణ బ్రిన్ మార్ కళాశాలలోనే జరిగినది.