రామానుజన్ పట్టికలో జారిపోయిన సంఖ్య

గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడులో జన్మించారు. పెరిగింది కుంభకోణంలో. లెక్కల ధ్యాసలో మిగతా సబ్జెక్టులు పట్టించుకోక ఎఫ్.ఏ. తప్పారు. పూట గడవని స్థితిలో, 1910 చివర్లో నెల్లూరు జిల్లా కలెక్టరు ఆర్. రామచంద్రరావును కలుసుకొన్నారు. తానూ గణితాభిమాని అయిన ఆ కలెక్టరు నోటుపుస్తకాలు చూసి, నెలకు పాతిక రూపాయలు సొంత డబ్బు ఇచ్చి ఆదుకొన్నారు. ఆ సాయమే లేకుంటే ఆ పుస్తకాలు ఏమయ్యేవో!

రామానుజన్ 1914లో కేంబ్రిడ్జి చేరారు. మరుసటి ఏడు ఆయన పెద్ద వ్యాసం ఒకటి అచ్చయింది. 12కు కారణాంకాలు ఆరు: 1, 2, 3, 4, 6, 12. అంతకంటె చిన్న ఏ సంఖ్యకూ అన్ని లేవు. ఇటువంటి సంఖ్యలను ఏరి పట్టిక వేస్తూ ఆయన 6746328388800 దాకా వెళ్లారు. దాని కారణాంకాలు 10080. అంతా చేతిలెక్కే. పట్టికలో 102 సంఖ్యలున్నాయి. ఒక్కటి మాత్రం జారిపోయింది. అది 293318625600. దీనికి కారణాంకాలు 5040. చిత్రమేమంటే, దీనిని 23తో హెచ్చిస్తే పట్టికలోని ఆఖరి సంఖ్యే వస్తుంది!

ఈ పరిశోధనకే 1916లో కేంబ్రిడ్జి బి.ఏ. పట్టా లభించింది. లండన్ గణిత సంఘానికి డబ్బు ఇబ్బంది వచ్చి వ్యాసంలో కొంత భాగం అచ్చుకు నోచుకోలేదు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే రామానుజన్ మద్రాసులో కన్నుమూశారు. ఆ మిగిలిన భాగం 1997లో అచ్చయింది.