దండులో పఠనాలయము: ఫ్లారెన్సు నైటింగేలు

ఫ్లారెన్సు నైటింగేలు అనగనే చేత దీపము ధరించి, రాత్రివేళ రోగుల పడకల నడుమ నడచిపోవు మూర్తి మన కన్నులకు గట్టును. ఆ చిత్రము అసత్యము కాదు గాని సమగ్రము కాదు. ఆ దీపపు వెలుగు పడని చోట ఆమె చేసిన పని మఱియొకటి కలదు. గాయము మానిన సిపాయి పగలు ఏమి చేయవలెను? జీతము చేతికందిన సాయంకాలము ఎచ్చటికి పోవలెను? ఈ ప్రశ్నలకు ఆమె సమాధానము వెదకెను. ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ఈ రెండవ కథయే ఎక్కువ ఆప్తము. ఏలయన, ఇది చదువుపైనను, సామాన్యునిపైనను ఉంచిన నమ్మకమును గూర్చిన కథ.

ఆమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీయందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. పుట్టిన ఊరి పేరే ఆమె పేరైనది. తల్లిదండ్రులు ఇంగ్లండునందలి సంపన్నులు. తండ్రి విలియం ఎడ్వర్డు నైటింగేలు విద్యారసికుడు. ఆయన తన ఇరువురు కుమార్తెలకు గ్రీకు, లాటిను, చరిత్ర, తత్త్వశాస్త్రములను స్వయముగ బోధించెను. ఫ్లారెన్సునకు గణితమున మక్కువ మిక్కుటము. ఆ కాలపు ఉన్నత కుటుంబములలోని కన్యలకు విందులును, వివాహమును తప్ప వేఱు మార్గము లేకుండెను. ఆమె మాత్రము రోగుల సేవ చేయదలచెను. ఆనాటి ఇంగ్లండులో ఆసుపత్రి దాదివృత్తికి గౌరవము లేదు. కావున తల్లియు, అక్కయు పెక్కేండ్లు అడ్డు నిలిచిరి. ఆమె తెల్లవారకమునుపే లేచి ఆసుపత్రుల నివేదికలు చదువుకొనుచు ఓపికతో వేచియుండెను. తుదకు 1851లో జర్మనీయందలి కైసర్స్‌వెర్తులో శిక్షణ పొంది, 1853లో లండనునందు ఒక చిన్న చికిత్సాలయమునకు అధ్యక్షురాలయ్యెను.

మరుసటి యేడే ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు తుర్కీ పక్షమున రష్యాతో యుద్ధమునకు దిగెను. క్రిమియాలో గాయపడిన ఆంగ్ల సైనికులను ఓడలలో నల్లసముద్రము దాటించి, కాన్‌స్టాంటినోపిలున కెదురుగ నున్న స్కుటారికి చేర్చుచుండిరి. అచట తుర్కీవారి పెద్ద సైనికాగారమే ఆసుపత్రిగ మాఱినది. అందలి దుస్థితిని పత్రికలు వెల్లడింపగ ఇంగ్లండు ప్రజలు కలతచెందిరి. మంత్రియు, ఆమె మిత్రుడును అగు సిడ్నీ హెర్బర్టు కోరికపై ఆమె 38 మంది పరిచారికలతో 1854 అక్టోబరు 21న బయలుదేరి, నవంబరు 4న స్కుటారి చేరెను. మరునాడే ఇంకర్మను యుద్ధము జరిగెను. క్షతగాత్రులు వెల్లువవలె వచ్చిపడిరి.

అచట శుభ్రమైన చొక్కా లేదు, చాలినంత దుప్పటి లేదు, రోగి తినదగిన అన్నము లేదు. ఆమె ఒక ఇల్లు అద్దెకు గైకొని, కాగులు పెట్టించి, సిపాయిల భార్యలకే బట్టలుతుకు పని కల్పించెను. దిక్కులేక దండు వెంట తిరుగుచున్న ఆ స్త్రీలకు దానివలన నాలుగు డబ్బులు చేకూరెను. 1855లో అలెక్సిస్ సోయరు అను ప్రసిద్ధ పాకశాస్త్రజ్ఞుడు వచ్చి వంటశాలలను చక్కబఱచెను. అయినను ఆ చలికాలమున మరణములు తగ్గలేదు. ఫిబ్రవరిలో రోగులలో నూటికి 42 మంది వంతున మరణించిరి. మార్చిలో వచ్చిన ఆరోగ్య సంఘమువారు మురుగు కాలువలు బాగుచేయించి, మంచినీటికిని, మంచిగాలికిని మార్గము కల్పించిన పిదపనే, వేసవి నాటికి ఆ సంఖ్య నూటికి 2కు దిగెను. దయ యొక్కటియే చాలదనియు, కాలువయు కిటికీయు కూడ వైద్యులేయనియు ఆమె యుద్ధానంతరము లెక్కలు పరిశీలించి నిశ్చయించుకొనెను.

ప్రాణము దక్కిన సిపాయికి మఱియొక శత్రువు పొంచియుండెను. ఆసుపత్రి చుట్టును సారా దుకాణములు వెలసినవి. కోలుకొనుచున్న వానికి పని లేదు, కాలక్షేపము లేదు. జీతము రాగనే అది సారాకే పోవుచుండెను. సిపాయి స్వభావమే యంతయని పెక్కుమంది అధికారుల నిశ్చయము. వానిని ఆదరించినచో చెడిపోవుననియు, చదువు చెప్పినచో తన హద్దు మఱచుననియు వారి భయము. ఆమె పలుమాఱు రోగుల తరఫున వారి ఇండ్లకు ఉత్తరములు వ్రాసినది. చనిపోయినవారి తల్లులకును, భార్యలకును కబురు తెలిపినది. అందువలన సిపాయి మనస్సు ఇంటిపై ఉన్నదని ఆమెకు తెలియును. ఇంటికి డబ్బు పంపుటకు తగిన సాధనము లేకయే అది సారాకు పోవుచున్నదని ఆమె తలచెను.

అందుచే వారమున కొక మధ్యాహ్నము తన గదిలో కూర్చుండి, సిపాయిలు తెచ్చిన సొమ్మును తానే పుచ్చుకొని, ఇంగ్లండునందలి వారి కుటుంబములకు చేర్చు ఏర్పాటు చేసెను. నెలకు రమారమి 1,000 పౌనులు అట్లు పోవుచుండెను. ఈ సంగతి విక్టోరియా రాణి వఱకు పోయెను. సిపాయి డబ్బు దాచువాడు కాడని వాదించిన యుద్ధమంత్రి సైతము తుదకు సమ్మతింపవలసివచ్చెను. ప్రభుత్వము 1856లో దండు ప్రదేశములందు మనియార్డరు కార్యాలయములు తెఱచెను. ఆఱు నెలలు నిండకమునుపే సిపాయిలు 71,000 పౌనులు ఇంటికి పంపిరి. త్రాగుబోతులని పేరుపడినవారి సొమ్మే అది.

పఠనాలయపు కథయు ఇట్టిదే. 1855లో ఆమె నడువగలిగిన రోగులకై ఒక చిన్న పఠనమందిరము తెఱచెను. ఉపాధ్యాయుని పంపుమని కోరగా పై అధికారులు మొదట నిరాకరించిరి. ఆమె వెనుదీయలేదు. ఆ యేటి సెప్టెంబరులో ఆసుపత్రులకు సమీపమున ఇంకర్మను కాఫీ గృహము వెలసినది. సారాకు బదులు కాఫీ, దుకాణపు కొట్లాటకు బదులు పత్రికలు అచట దొరకెను. క్రొత్తగ వచ్చిన సేనాధిపతి సర్ హెన్రీ స్టార్క్సు ఆమెకు తోడ్పడెను. ఇంగ్లండునుండి పుస్తకములు, దేశపటములు, వ్రాతకాగితములు, చదరంగపు బల్లలు ఓడలలో వచ్చెను. ఉపాధ్యాయులును వచ్చిరి. 1856 వసంతము నాటికి నాలుగు పాఠశాలలు నడచుచుండెను. ఉపన్యాసములకు జనము ద్వారముల వఱకు క్రిక్కిఱిసెను. సిపాయిలు పాటలు నేర్చిరి, నాటకములాడిరి, కాలిబంతి ఆడిరి. త్రాగుడు తగ్గెను. చదువు వచ్చినచో సిపాయి చెడునన్న భయము ఆ మందిరములలోనే వీగిపోయెను.

సిపాయిలు ఆ ఆదరమును మఱవలేదు. 1855 నవంబరులో లండను ప్రముఖులు సభచేరి, ఆమె పేర ఒక నిధి సేకరింపనారంభించిరి. ఆ నిధి 44,000 పౌనులు దాటెను. అందు రమారమి 9,000 పౌనులు సైనికులే ఇచ్చిరి. ఒక్కొక్కడు తన యొక దినపు జీతమును ఆమె పేర అర్పించెను. పనిచేసినవారిని గౌరవించుటకు నేడు సంస్థలు సభలు చేసి శాలువలు కప్పుచున్నవి. ఆ శాలువకంటె ఈ ఒక దినపు కూలి బరువైనది. ఆ సొమ్ముతోనే 1860లో లండనునందలి సెయింటు తామసు ఆసుపత్రిలో దాదుల శిక్షణాలయము ప్రారంభమయ్యెను.

1856 ఆగస్టులో ఆమె మాఱుపేరుతో, స్వాగత సన్నాహముల కందకుండ, ఇల్లు చేరెను. క్రిమియాలో సోకిన జ్వరమువలన ఆరోగ్యము చెడినది. అయినను విశ్రమింపలేదు. సైన్యారోగ్యమును గూర్చి విచారణసంఘము ఏర్పడునట్లు చేసి, యుద్ధమున కంటె రోగమువలననే ఎక్కువమంది చచ్చిరని రంగుల రేఖాపటములతో నిరూపించెను. 1858లో లండను గణాంక పరిషత్తు ఆమెను సభ్యురాలిగ ఎన్నుకొనెను. ఆ గౌరవము పొందిన ప్రథమ మహిళ ఆమెయే.

పిమ్మట ఆమె దృష్టి మన దేశముపై ప్రసరించెను. భారతదేశమందలి సైన్యారోగ్యమునకై 1859లో ఏర్పడిన సంఘము ప్రతి దండు ప్రదేశమునకును ప్రశ్నావళి పంపెను. ప్రత్యుత్తరములిచ్చిన వానిలో మన సికిందరాబాదును ఒకటి. అప్పుడు భారతదేశమున ఆంగ్ల సైనికులు ఏటేట వెయ్యికి 69 మంది వంతున మరణించుచుండిరి. చెడునీరు, మురుగు, ఇఱుకు బారకాసులు ప్రధాన కారణములు. వానితోపాటు పనిలేక మంచముపై పడియుండి, ప్రొద్దుగ్రుంకగనే సారాకై పోవుటయు ఒక కీడేయని ఆమె గుర్తించి, కార్యశాలలు, తోటలు, పఠనాలయములు, వ్యాయామ ప్రదేశములు కావలెనని వాదించెను. పదేండ్లలో మరణములు వెయ్యికి 18కి తగ్గెను. దండు క్షేమము చుట్టునున్న ఊళ్ల క్షేమముతో ముడివడియున్నదని తెలిసికొన్న పిదప ఆమె చింత సిపాయినుండి రైతునకు ప్రాకెను. భారతదేశమునకు ఎన్నడును రాకపోయినను, ధవళేశ్వరము ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటనుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, కఱవునకు నీటిపారుదలయే మందని ఆయన పక్షమున వ్రాసెను.

1907లో ఆంగ్ల రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదమిచ్చెను. 1910 ఆగస్టు 13న, తొంబదవ యేట, ఆమె కన్నుమూసెను. వెస్టుమినిస్టరు ఆబీలో మహనీయుల నడుమ ఖననము చేయుదుమనగా కుటుంబమువారు అంగీకరింపలేదు. హాంప్షైరులోని ఒక పల్లె దేవాలయపు ఆవరణమున ఆమె సమాధి కలదు. దానిపై ఆమె పూర్తి పేరైనను లేదు, రెండు పొడి అక్షరములును, జననమరణ తేదీలును మాత్రమే. శవపేటికను మోసినవారు సైన్యపు సార్జెంట్లు. నేడు సైనిక స్థావరములందు గ్రంథాలయము, క్రీడాస్థలము, కుటుంబ సంక్షేమము సామాన్య విషయములు. అవి అనవసరమని పెద్దలనిన కాలమున, సిపాయికి పుస్తకమిచ్చి చూడుడని నిలిచిన స్త్రీని ఆ సిపాయిలే భుజములపై మోసికొనిపోయిరి.