పెన్షను తరువాతి కొలువు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పగానే మనకు 1908 మూసీ వరదలు, ఆ తరువాత వారి సలహాపై వెలసిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జ్ఞప్తికి వస్తాయి. ఇంజనీరుగా వారిని ఎరుగని పెన్షనరు ఉండరు. కాని ఒక ప్రాంతం తన బాగు తానే చూసుకోవాలంటే ఏయే అధికారాలు చేతిలో ఉండాలో ఆచరణలో చూపిన దివానుగా వారిని తలచుకునేవారు తక్కువ.

వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. వారు 1861లో చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువుకున్నారు. 1884లో బొంబాయి ప్రభుత్వ పి.డబ్ల్యు.డి.లో చేరి, 1908లో తమంతట తామే పదవీ విరమణ చేశారు. పెన్షను చేతికి వచ్చాక ఇక విశ్రాంతే అనుకునే మనవంటి వారు గమనించవలసిన సంగతి, వారి అసలు కొలువు ఆ తరువాతనే మొదలైంది. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912లో దివాను అయ్యారు.

మైసూరును నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఏలుతున్నా, పైపెత్తనం ఇంగ్లీషు వారిదే. సంస్థానం ఏటా వారికి 35 లక్షల రూపాయలు కట్టుకోవాలి. ఆ హద్దుల్లోనే 1911లో ఎకనామిక్ కాన్ఫరెన్సు ఏర్పడింది. అధికారులు, రైతులు, వర్తకులు ఒకచోట కూర్చుని వ్యవసాయం, విద్య, పరిశ్రమల గురించి చర్చించేవారు. జిల్లాల్లో, తాలూకాల్లో కూడా కమిటీలు వేశారు. మా దృష్టిలో ఆనకట్ట కంటే ఇది పెద్ద పని. తాలూకాకు కావలసినదేమిటో తాలూకా వారినే అడగడం ఆ రోజుల్లో వింతే.

ప్రజల పొదుపు అక్కడి వ్యాపారానికే అప్పుగా అందాలని 1913లో మైసూరు బ్యాంకు, అదే ఏట నిర్బంధ ప్రాథమిక విద్యా చట్టం, 1916లో విశ్వవిద్యాలయం వచ్చాయి. అంతకు ముందు మైసూరు చందనం జర్మనీకి పోయి అక్కడ నూనె అయ్యేది. యుద్ధంతో ఆ బేరం ఆగిపోగా, 1916లో నూనె తీయడం మైసూరు రాజ్యంలోనే మొదలుపెట్టారు.

నీటి దగ్గరే చిక్కు వచ్చింది. కన్నంబాడి వద్ద కావేరిపై పెద్ద జలాశయం కట్టాలని వారి ప్లాను. మద్రాసు ప్రభుత్వం 11 టి.ఎం.సి.లకు మించి ఒప్పుకోలేదు. దిగువన ఉన్న తంజావూరు రైతుల భయాన్నీ కాదనలేము. అయినా విశ్వేశ్వరయ్య గారు పునాదిని మాత్రం పూర్తి ఎత్తుకు సరిపడా వెడల్పుగా వేయించారు. చివరకు 1924లో ఒప్పందం కుదిరింది. మండ్య ప్రాంతంలో లక్ష ఎకరాలకు పైగా తడిసింది.

ఇక వారికి లోపలి నుంచి వచ్చిన ప్రశ్న వేరు. సర్కారు కొలువుల్లో అధిక భాగం బ్రాహ్మణులవేననీ, తమకూ వాటా కావాలనీ ఇతర వర్గాలు అడిగాయి. మహారాజు 1918లో మిల్లర్ కమిటీని వేశారు. అర్హతే కొలమానం కావాలన్న విశ్వేశ్వరయ్య గారు దివాను పదవి వదులుకున్నారు. వారి నిజాయితీని శంకించలేము. కాని బయటి పెత్తనాన్ని ప్రశ్నించిన దివానుగారికి, రాజ్యం లోపల వాటా అడిగిన వారి మాట అంతగా చెవికెక్కలేదనే అనిపిస్తుంది.

పదవి పోయినా పని మానలేదు. 1923లో ఉత్పత్తి ప్రారంభించిన భద్రావతి ఇనుప కర్మాగారం నష్టాల్లో పడితే, 1929 వరకు బోర్డు అధ్యక్షులుగా ఉండి గట్టెక్కించారు. డెబ్బై దాటాక, 1935లో, మోటారు కార్ల తయారీ చూసి రావడానికి యూరప్, అమెరికాలు తిరిగారు. మైసూరు సర్కారు ఆ ఫ్యాక్టరీకి చేయూతనివ్వబోగా ఢిల్లీ నుండి అనుమతి రాలేదు. ఆ ప్రయత్నంలో వారితో ఉన్న వాల్‌చంద్ హీరాచంద్ గారు 1940లో బెంగుళూరులో విమానాల కర్మాగారం నెలకొల్పారు. అందులో మైసూరు ప్రభుత్వం వాటాదారుగా చేరింది.

1955లో వారికి భారతరత్న లభించింది. నూరేళ్ళు నిండిన తరువాత, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. వారి సమాధి ముద్దేనహళ్ళిలో ఉంది.