కొరివిదయ్యాల ఊరికి వెళ్లిన ఖగోళ మాస్టారు

జె. అలెన్ హైనెక్ 1910 మే 1న అమెరికాలోని షికాగోలో పుట్టారు. తల్లిదండ్రులు చెక్ జాతివారు. ఏడేళ్లప్పుడు ఆయనకు స్కార్లెట్ జ్వరం వచ్చి బడి మానాల్సి వచ్చింది. అమ్మ పక్కన కూర్చుని పుస్తకాలు చదివి వినిపించేది. పిల్లల పుస్తకాలన్నీ అయిపోయాక, పెద్ద తరగతుల ఖగోళశాస్త్రం పుస్తకం తీసిందట. జ్వరం తగ్గింది గానీ చుక్కల పిచ్చి తగ్గలేదు. 1935లో షికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకుని, ఒహాయో రాష్ట్రంలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు.

1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్, రైనియర్ పర్వతం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులు మహావేగంగా పోవడం చూశానని చెప్పారు. పత్రికలు వాటికి ఎగిరే పళ్ళేలని పేరు పెట్టాయి. ఇక దేశమంతా అదే మాట. రష్యాతో పోటీ నడుస్తున్న రోజులు కావడంతో, అవి శత్రువుల యంత్రాలేమోనని అమెరికా వైమానిక దళానికి దిగులు పట్టుకుంది. 1948లో విచారణ మొదలుపెట్టి, సలహాదారుగా హైనెక్‌ను పిలిచారు. జనం చూశామన్నవాటిలో చుక్కలేవో, ఉల్కలేవో ఏరి చెప్పడం ఆయన పని. మొదట్లో ఆయనకు ఇదంతా జనం వెర్రిగానే తోచింది.

నిజానికి చాలావాటికి జవాబు దొరికింది. మనం బదిలీ మీద రైల్లో వెళ్తున్నప్పుడు చెట్లూ స్తంభాలూ వెనక్కి పోతుంటే చంద్రుడు మాత్రం మనతోనే వస్తున్నట్టు ఉంటాడు కదా! శుక్రగ్రహం, అంటే మన వేగుచుక్క, కూడా అంతే. రాత్రిపూట కారు నడిపేవారికి అది వెంటపడి తరుముతున్నట్టే కనిపిస్తుంది. ఎత్తున ఎగిరే బెలూన్లు సూర్యాస్తమయం అయ్యాక కూడా పైనున్న ఎండకు మెరుస్తాయి. నేల దగ్గర చల్లగాలి, దాని పైన వేడిగాలి పొరగా నిలిస్తే వెలుగూ రాడార్ తరంగాలూ వంగి, లేని చోట వస్తువులు ఉన్నట్టు చూపిస్తాయి. 1952 జులైలో వాషింగ్టన్ మీద రాడార్‌లో కనిపించిన చుక్కలకు వైమానిక దళం చెప్పిన కారణం ఇదే.

మధ్యలో ఆయనకు మరో పెద్ద పని వచ్చింది. కృత్రిమ ఉపగ్రహాలను ఫొటోలు తీయడానికి ప్రపంచంలో 12 చోట్ల పెద్ద కెమెరాలు పెట్టారు. ఆ పథకం నడిపినవారిలో హైనెక్ ఒకరు. ఆ 12లో ఒకటి మన నైనితాల్‌లో ఉండేది. అక్కడ చదివి వచ్చినవాళ్లు మనలో ఉంటే కొంచెం గర్వపడవచ్చు.

1966 మార్చిలో మిషిగన్ రాష్ట్రంలో రెండు చోట్ల చిత్తడి నేలల మీద వింత వెలుగులు కనిపించాయి. చూసినవారిలో రైతు కుటుంబం ఉంది, పోలీసులు ఉన్నారు, ఒక కాలేజీ హాస్టల్ అమ్మాయిలు పదుల సంఖ్యలో ఉన్నారు. హైనెక్ వెళ్లి విచారించారు. సరిగ్గా తేల్చడానికి సమయం చాలలేదు. ఈలోగానే విలేకరుల ముందు నిలబడాల్సి వచ్చింది. మంచు కింద కుళ్లిన ఆకూ అలమూ వదిలిన వాయువు మండి ఈ వెలుగులు వచ్చి ఉండవచ్చని ఆయన చెప్పారు. మన పల్లెల్లో కొరివిదయ్యాలు అంటారే, వాటికి చెప్పే కారణం కూడా ఇదే. ఆయన ఆ రెండు చోట్ల గురించే, అదీ కావచ్చు అని మాత్రమే అన్నారు. పత్రికలు ఆ కావచ్చును వదిలేసి, బురద వాయువును మాత్రం పట్టుకున్నాయి. కార్టూన్లు వేశాయి. కళ్లారా చూసి చెప్పినవాళ్లు తమను అబద్ధాలకోరులను చేశారని బాధపడ్డారు. మిషిగన్ ప్రతినిధి జెరాల్డ్ ఫోర్డ్ (తర్వాత అధ్యక్షుడయ్యారు) అమెరికా పార్లమెంటులో విచారణ కోరారు.

మాకు హైనెక్ నచ్చేది ఇక్కడే. నవ్వులపాలయ్యాక ఆయన ఆ విషయం వదిలి పారిపోలేదు. తొందరపడి ఏదో ఒక పేరు అంటించడం కూడా విజ్ఞానం కాదని పైవారికే గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. అలాగని, అవి వేరే లోకం నుంచి వచ్చాయని రుజువైనట్టూ ప్రకటించలేదు. 1969లో వైమానిక దళం విచారణ మూసేసే సరికి 12,618 సంఘటనలు నమోదయ్యాయి. వాటిలో 701 ఏమిటో తేలలేదు.

1972లో రాసిన పుస్తకంలో ఆయన దగ్గరగా చూసిన సంఘటనలను మూడు రకాలుగా విడదీశారు. ఆ మూడో రకం పేరుతోనే 1977లో స్పీల్‌బర్గ్ సినిమా తీశారు. అందులో గడ్డంతో, పైపుతో క్షణకాలం కనిపించే పెద్దాయన హైనెకే.

ఆయన పుట్టిన ఏడాది హేలీ తోకచుక్క వచ్చింది. అది మళ్లీ వచ్చిన 1986లో, ఏప్రిల్ 27న ఆయన కన్నుమూశారు. తేలని ఆ 701 సంఘటనల కాగితాలు అమెరికా జాతీయ పురాలేఖల భవనంలో ఉన్నాయి. ఎవరైనా చదువుకోవచ్చు.