మూడవ రిచర్డు: అక్క సంతతి పలికిన సాక్ష్యము

షేక్‌స్పియరు నాటకమున గూనివానిగా పాఠకులెరిగిన మూడవ రిచర్డు 1452లో జన్మించెను. 1483లో అన్న కుమారుని తొలగించి ఇంగ్లండు సింహాసనమెక్కెను. మరుసటి యేడు పట్టపురాణి కనిన యేకైక పుత్రుడు గతించెను. 1485లో బాస్వర్తు రణరంగమున తానును కూలెను. లెస్టరులోని సన్న్యాసుల మఠమున పూడ్చిన దేహము జాడ మరుగుపడెను.

2012లో అచ్చట కార్లు నిలుపు స్థలమును త్రవ్వగా ఒక అస్థిపంజరము బయల్పడినది. వెన్ను వంకరయే గాని గూని లేదు. వంశము నిలువని వానిని గుర్తించుటెట్లు? డి.ఎన్.ఏ.లో కొంత భాగము తల్లినుండియే బిడ్డలకు సంక్రమించును. పాత పత్రములు తిరుగవేసి, రిచర్డు అక్క ఆన్ సంతతిని కూతుళ్ల వరుసన వెదకి, జీవించియున్న యిరువురిని కనుగొనిరి. పోలిక కుదిరినది. తండ్రి వరుసన బంధువులని పత్రములు చెప్పిన వారితో మాత్రము కుదురలేదు. నడుమ నెచ్చటనో, ఏ పత్రమునకును ఎక్కని తండ్రి యొకడు కలడు. ఆ యెముకలను 2015లో లెస్టరు ప్రధాన చర్చిలో సమాధి చేసిరి.