జేమ్స్ నైస్మిత్

జేమ్స్ నైస్మిత్ (నవంబరు 6, 1861 - నవంబరు 28, 1939) బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించిన వ్యాయామ విద్యావేత్త. ఆ ఆటలో ఏది ఫౌల్, దానిని ఎవరు నిర్ణయించాలి అనే విషయాలను మొట్టమొదట నిర్దేశించినవాడు కూడా ఈయనే.

బాల్యము, విద్య

నైస్మిత్ కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆల్మాంట్ సమీపాన జన్మించాడు. 1870లో తల్లిదండ్రులు టైఫాయిడ్ జ్వరంతో మరణించగా బంధువుల వద్ద పెరిగాడు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వెళ్ళాడు.

ఫౌల్ నియమాలు

1891 డిసెంబరులో, చలికాలంలో లోపల ఆడదగిన ఆటను కనిపెట్టమని లూథర్ గులిక్ ఈయనను ఆదేశించాడు. బంతితో పరుగెత్తేవానినే ఎదుటివారు పడగొడతారు కనుక నైస్మిత్ ఆ పరుగునే నిషేధించాడు. బలంగా విసిరితే ప్రయోజనం లేకుండా గోలును 10 అడుగుల ఎత్తున ఉంచాడు. పీచు పండ్ల బుట్టలే గోళ్ళయ్యాయి. అయితే 1939లో ఒక రేడియో ప్రసంగంలో మాత్రం, తొలి ఆట కొట్లాటగా మారిన తరువాతనే పరుగును నిషేధించినట్లు చెప్పాడు.

ఈయన వ్రాసిన 13 నియమాలు 1892 జనవరిలో ప్రచురితమయ్యాయి. భుజంతో నెట్టడం, పట్టుకోవడం, త్రోయడం, కొట్టడం, కాలు అడ్డుపెట్టడం ఫౌళ్ళు. రెండవ ఫౌల్ చేసినవాడు తరువాతి గోలు పడేవరకు బయట ఉండాలి. గాయపరచే ఉద్దేశం స్పష్టమైతే ఆట ముగిసేవరకు బహిష్కరణే. బంతి విషయం రిఫరీది, ఆటగాళ్ళ విషయం అంపైరుది. అనగా మనసులోని ఉద్దేశాన్ని కంటితో చూచి తేల్చే భారం మొదటినుండీ అంపైరు మీదనే పడింది.

ఫౌల్ జరిగినట్లు నటించేవాని గురించి ఈ నియమాలలో ఒక్క మాట కూడా లేదు. అప్పుడు ఫ్రీ త్రో లేదు. ఒక జట్టు వరుసగా మూడు ఫౌళ్ళు చేస్తేనే ఎదుటి జట్టుకు ఒక గోలు లభించేది. ఫ్రీ త్రో వచ్చిన తరువాత ఒక్క ఫౌల్‌కే పాయింటు దక్కే వీలు కలిగి, కావాలని పడిపోవడం లాభసాటి అయింది. తాకిడి జరిగిందా అనేదే కాక, ఆ తాకిడికి మనిషి అంతగా పడిపోతాడా అనేది కూడా రిఫరీ క్షణంలో తేల్చవలసి వచ్చింది. ఎన్.బి.ఎ. 2012-13లో ఇటువంటి నటనకు ఆట ముగిశాక వీడియో చూచి జరిమానాలు వేయసాగింది. 2023-24 నుండి ఆటలోనే టెక్నికల్ ఫౌల్ ఇచ్చి ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో ఇస్తున్నారు.

తరువాతి జీవితం

1898లో వైద్యపట్టా పొంది కాన్సస్ విశ్వవిద్యాలయంలో చేరాడు. శిక్షకునిగా 55 ఆటలు గెలిచి 60 ఓడిపోయాడు; ఆట పుట్టించినవాడే ఆ విశ్వవిద్యాలయ శిక్షకులలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువగా ఉన్న ఏకైక వ్యక్తి కావడం విశేషం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ప్రవేశించగా స్వయంగా హాజరయ్యాడు. కాన్సస్‌లోని లారెన్స్‌లో మరణించాడు. 13 నియమాల మూలప్రతి 2010లో వేలంలో సుమారు 43 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.